మూత చప్పుడు

ఆమె చేతుల మీద ఎన్ని మచ్చలున్నాయో ఆమెకే తెలియదు. కానీ ఏవి కుక్కలు పెట్టినవో, ఏవి మొగుడు పెట్టినవో వేలు పెట్టి చూపించగలదు. పంటి గాట్లు గుండ్రంగా, పక్కపక్కన ఉంటాయి. మొగుడివి పొడుగ్గా, బెల్టు వెడల్పున ఉంటాయి. “కుక్క కరిచాక సిగ్గుపడుతుంది. ఆయనకి ఆ అలవాటు లేదు,” అనేది నవ్వుతూ. ఆయన పోయి పన్నెండేళ్ళు.

పెద్దాసుపత్రి ఎముకల వార్డులో కట్లు కట్టి కట్టి ఉద్యోగం దిగిపోయిన ఏడే, లారీ కింద పడి నడుము విరిగిన ఒక కుక్కకు రోడ్డు మీదే కూర్చుని కట్టు కట్టింది. అక్కడ మొదలైంది. ఎప్పుడో ఆగిపోయిన ఐస్ ఫ్యాక్టరీ షెడ్డును అద్దెకు తీసుకుని, బయట ట్రస్టు అని బోర్డు పెట్టింది. వెల్డింగు పని చేసే తమ్ముడు బోనులు చేసి ఇచ్చాడు. చూస్తుండగానే ముప్ఫై ఎనిమిది కుక్కలయ్యాయి. వీధి వాళ్ళు ఆమెను కుక్కల పెద్దమ్మ అన్నారు. ఆమె ఆ పేరుకు పలికేది.

ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. మిట్టమధ్యాహ్నం ఆమె బోనులు తెరిచి, గోడకు వేలాడే ఇనుప మూత తీసి కడ్డీతో వాయిస్తుంది. అది మోగేదాకా ఏ కుక్కా కంచం వైపు రాదు. మోగితే నిద్రలో ఉన్నది కూడా లేచి, మూత పట్టుకున్న మనిషి మీదికి ఉరుకుతుంది. మోగినంతసేపూ ఎగురుతాయి, మొరుగుతాయి, బట్టలు పట్టి లాగుతాయి. చప్పుడు ఆగగానే అన్నీ చతికిలబడతాయి. అప్పుడే కంచాలు దిగుతాయి. ఇదంతా గుడ్డిదాని కోసం పెట్టిన పద్ధతి. ఎవరో యాసిడ్ పోస్తే కళ్ళు పోయిన ఆడకుక్క అది. చప్పుడు పట్టుకుని అందరికంటే ముందు నడిచొచ్చి, వాయించే మనిషి పాదం మీద గడ్డం ఆన్చేది.

ముసలి ఓనరు బతికున్నన్నాళ్ళూ పేరుకు ఇంత అని అద్దె తీసుకున్నాడు. ఆయన పోయాక కొడుకు దాన్ని మూడింతలు చేశాడు. ఆర్నెల్లు తిరక్కుండా మళ్ళీ పెంచాడు. టైల్స్ గోడౌన్ వాళ్ళెవరో షెడ్డు అడుగుతున్నారట.

“మీ నాన్న నాకు మాటిచ్చాడు బాబూ.”

“మా నాన్నది జాలిగుండె పెద్దమ్మా. చివరికి ఆ గుండే ఆగి పోయాడు. నాకు అంత రిస్కు వద్దు.”

“ఇన్నిటిని వేసుకుని ఎక్కడికి పోను?”

“నెలాఖరు దాకా ఆలోచించుకో. ఆ తర్వాత నడిపించుకుపోతావో, నన్నే తోలమంటావో నీ ఇష్టం.”

రెండు వీధుల అవతల తమ్ముడి వెల్డింగు షాపు వెనక ప్రహరీ ఉన్న ఖాళీ జాగా ఉంది. కానీ అది మరదలి పేరున ఉంది. అడిగితే ఆవిడ మొహమాటపడలేదు.

“నువ్వొస్తే నెత్తిన పెట్టుకుంటా వదినా. నీ మందని తెస్తే మాత్రం నన్నూ నీ తమ్ముణ్ణీ కూడా ఒక బోనులో పెట్టు. అందులో ఎవరు ముందు కరుస్తారో చెప్పలేను.”

ఒకటో తారీకు పదకొండింటికి ఆమె షెడ్డు వెనక పొయ్యి దగ్గర ఉంది. కుక్కలు ఆకలి మీదున్నాయి. ముందువైపు కొత్త ఓనరు ఇద్దరు మనుషులతో వచ్చి తాళం పగలగొట్టాడు. ఆ ఇద్దరూ ఇనుప రాడ్లతో బోనుల తలుపులు ఊడగొట్టారు. కుక్కలు బయటికి పోతే కదా! మూలమూలలా నక్కి గుర్రుమన్నాయి. “చప్పుడు చేస్తే బెదిరి వాటంతటవే పోతాయి,” అంటూ ఓనరు గోడ మీది మూత అందుకుని దబదబా వాయించాడు.

వెనక ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. ఇంకా వేళ కాలేదు. ఎవరు వాయిస్తున్నారు? పరిగెత్తింది.

అప్పటికే గుడ్డిది అతన్ని చేరింది. అలవాటు చొప్పున బూటు మీద గడ్డం పెట్టింది. అతను గావుకేక పెట్టాడు. పక్కవాడు రాడ్డెత్తి తల మీద ఒక్కటిచ్చాడు. కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడైంది. అది అరవను కూడా లేదు.

అన్నం కోసం ఎగబడ్డవి నెత్తురు వాసనకు తిరగబడ్డాయి. కొట్టినవాడి పిక్క ఊడి వేలాడింది. రెండోవాడు చిరిగిన చెవి పట్టుకుని గేటు దూకి పారిపోయాడు. ఓనరు గోడకు అంటుకుపోయి, అవి పోవాలని ఇంకా గట్టిగా వాయిస్తున్నాడు. ఎంత వాయిస్తే అంత మీదపడుతున్నాయి. ఒకటి తొడ పట్టుకుని వేలాడింది. ఇంకోటి భుజం దాకా ఎగిరింది.

“ఆపరా! మూత పడేయ్!”

అతనికి వినపడలేదు. ఇంకొక్క గెంతు గెంతితే గొంతే. ఆమె నేల మీది రాడ్డు తీసుకుంది. ఎన్ని వందల మణికట్లకు కట్టు కట్టిందో. ఎక్కడ కొడితే పట్టు జారుతుందో ఆ చేతికి తెలుసు. బలం కొద్దీ అక్కడే కొట్టింది. ఎముక పుటుక్కుమంది. మూత కిందపడి, దొర్లి దొర్లి నిలిచిపోయింది.

చప్పుడు ఆగింది. కుక్కలన్నీ చతికిలబడ్డాయి. మూతుల నిండా నెత్తురుతో, కంచాల కోసం ఆమె మొహంలోకి చూస్తూ.

పిక్క తెగినవాడికి ముందు తువ్వాలు బిగించి కట్టి, అప్పుడు చీర కొంగు చింపి, రెండు చెక్కలు పెట్టి ఓనరు చెయ్యి పట్టుకుంది.

“బొటనవేలు కదిలించు.”

“కేసు పెడతా. సాయంత్రానికి వ్యాన్ తెప్పించి అన్నిటికీ సూది వేయించి చంపిస్తా.”

“కేసు పెట్టు. సంతకం కుదరదు, వేలిముద్ర వెయ్యాలి. మా వాటికి టీకాలున్నాయి, అయినా మీ ముగ్గురూ సూదులు వేయించుకోండి.” ఆమె ముడి బిగించింది.

వాళ్ళు పోగానే తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. సాయంత్రంలోగా కుక్కలను ఎటో ఒకవైపు తీసుకుపోవాలి. ఆమె గేటు దగ్గర నిలబడి మూత వాయించింది. ఒక్కటీ రాలేదు. ఇంకోసారి వాయించింది. బోనుల వెనక నేలకు కరుచుకుపోయాయి. కొన్ని నిలుచున్నచోటే తడిపేసుకున్నాయి. ఇన్నేళ్ళూ ఆ చప్పుడంటే అన్నం. ఒక్క పూటలో అది రాడ్డయిపోయింది.

ఆమె మూత కింద పెట్టి అక్కడే కూలబడింది. దెబ్బలు తిన్న కుక్కను కూడా నమ్మించడం ఆమెకు వచ్చు. అందుకు నెలలు పడుతుంది. పొద్దు గూకడానికి ఆరు గంటలే ఉంది.

గేటులో మరదలు నిలబడి ఉంది. అరుపులు అక్కడిదాకా వినిపించాయట. నెత్తుటి నేలా, గుడ్డిదాని పగిలిన తలా చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మూడుకాళ్ళ కుక్కొకటి ఆవిడ కాళ్ళ సందున దూరి వణికింది. ఆవిడ వంగి దాన్ని చంకనేసుకుంది, పసిపిల్లను ఎత్తుకున్నట్టే.

“ఏంటి చూస్తావ్? బండి తీసుకురా,” అని మొగుడి మీద అరిచింది. “వదినా, బరువైనవి నువ్వెత్తు. ఇది నన్ను కరిచిందో, ముందు నిన్ను కరుస్తా.”

వెల్డింగు సామాను బండి మీద పదకొండు సార్లు తిరిగారు. చివరి బండిలో గోనెసంచి చుట్టిన గుడ్డిది ఒక్కతే వచ్చింది. మూత షెడ్డులోనే ఉండిపోయింది. కొత్త జాగాలో ఆమె కుక్కల అన్నం కంచం ఒడిలో పెట్టుకుని, చప్పుడు లేకుండా, నేల మీద కూర్చుంది.