బోర్లా పడుకున్న మనిషి

మొన్న చిత్తూరు వెళ్తూ పూతలపట్టు దగ్గర టీ కోసం ఆగితే, చేనిగట్టు మీద ఒక వీరగల్లు కనిపించింది. ఏనాటి పోరులోనో చచ్చిపోయిన మనిషికి వెయ్యేళ్ల కిందట ఊరివాళ్లు చెక్కించి నిలబెట్టిన రాయి. చేతిలో టీ చల్లారిపోయింది గానీ నేను కదల్లేకపోయాను. మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

పాకాల స్టేషన్లో దిగి కాస్త నడిస్తే పెద్దమ్మ వాళ్ల పల్లె. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆమె బావి పక్కనున్న పెద్ద బండ మీదే బట్టలు ఉతికేది. అంత నున్నటి బండ జిల్లాలోనే లేదని పెదనాయనకు గొప్ప. చుట్టాలొస్తే కాఫీకంటే ముందు దాన్నే చూపించేవాడు. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు, నాకు అన్న, పటాలంలో చేరి బంగ్లాదేశ్ యుద్ధంలో పోయాడు. తంతి వచ్చింది, మనిషి రాలేదు. పెద్దమ్మ కంట నీరు పెట్టలేదు. "మొగం సూడకుండా ఎట్ల ఏడ్సేది?" అనేది.

నేను తిరుపతిలో ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక ఎండాకాలం సెలవు పెట్టి వాళ్లింటికి వెళ్లాను. బావి గట్టు కుంగిందని కూలీలు గడ్డపారలు వేసి ఆ బండను తిరగేశారు. మట్టి పెళ్లలు రాలాయి. బండ అడుగువైపు చెక్కిన ఒక మగవాడు. కొప్పు ముడి, చేతిలో కత్తి, రొమ్ములో దిగిన బాణాలు, తలపైన మాకెవరికీ అర్థంకాని అక్షరాలు. అతని కంటిగుంటలోంచి వానపాము ఒకటి మెల్లగా జారిపోయింది.

పెద్దమ్మ అతని ముందు కూలబడి, కొంగుతో ఆ ముఖం తుడవసాగింది.

"ఇన్నేండ్లూ నీ వీపు మీదనేనా నాయనా, నేను గుడ్డలు బాదింది?" అంది. తర్వాత నావైపు తిరిగింది. "పాపా, మన అబ్బోడు గూడా యాడో ఇట్లనే బోర్లా పడిండాడేమో. ఎవురన్నా తిప్పినారో లేదో."

అప్పుడు ఏడ్చింది. అన్నేళ్ల ఏడుపూ ఏడ్చింది.

"బండ మళ్లా ఏసేద్దామాప్పా?" అని కూలీ ఒకడు మెల్లగా అడిగాడు. పెదనాయన తువ్వాలుతో మొహం ఒత్తుకుని, "వొద్దప్పా. లేపి నిలబెట్టండి" అన్నాడు.

ఆ రోజు నుంచి పెద్దమ్మ పొద్దున్నే ఆ రాతికి నూనె రాసి, ఒక సంగటి ముద్ద అతని ముందు పెట్టేది. కాకులు తినేవి. నేనెప్పుడు వెళ్లినా అక్కడికి లాక్కుపోయి, "దగ్గుతా ఉండాడు, నీకు ఇనపళ్యా?" అనేది. నాకు చెరకు తోటలో గాలి తప్ప ఏమీ వినిపించేది కాదు. అయినా ఆ రాయికి వీపు చూపించి నడవాలంటే ఒళ్లు జలదరించేది.

పెద్దమ్మా పెదనాయనా పోయి చాలా కాలమైంది. ఇప్పుడు అన్న ముఖం గుర్తు తెచ్చుకోబోతే, నూనెతో నల్లబడి ముక్కు అరిగిన ఆ రాతి ముఖమే ఎదురొస్తుంది. అన్నకూ ఆ రాతి మనిషికీ మధ్య ఉన్న వెయ్యేళ్లూ ఎటు పోయాయో తెలియదు. ఇద్దరినీ విడదీయడం ఇక నా వల్ల కాదు.