అబిగయీలు ప్రార్థన మనవి

ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువులకు సూపర్‌వైజరైన అబిగయీలుకు గట్టిగా అడగడం చేతకాదు. రెండోసారి అడిగితే సాధిస్తోందంటారని భయం, అడగకపోతే పని కాదు. మెకానిక్ లాజరస్‌కు ఫోన్ చేసే ముందు గొంతు సవరించుకుంటుంది. అతను ఎత్తడు. "వందనాలన్నా, వీలైతే ఒకసారి" అని మెసేజ్ పెడుతుంది. చూసినట్టు నీలి గీతలు పడతాయి, జవాబు మాత్రం రాదు. ఎదురుపడితే అన్నం తిన్నాడా అని అడిగి, పైట చెంగు వేలికి చుట్టుకుంటూ నిలబడుతుంది. "చూస్తాలేక్కా" అంటాడతను, ఆమె అడగని దానికి.

చెరువు నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్ ఆగి వారం దాటింది. రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి దగ్గరపడింది. పైగా మబ్బు పట్టి, రొయ్యలు ఊపిరాడక పైకి తేలుతున్నాయి. దిక్కుతోచక ఆమె చర్చిలో బుధవారం కూడికలో లేచి, "మా ఏరేటర్ బాగుపడాలని ప్రార్థించండి" అని మనవి చెప్పింది. లాజరస్ పేరెత్తలేదు. ముందు వరసలోంచి అతనే లేచి, చేతులెత్తి, కన్నీళ్లు కారేలా ప్రార్థించాడు. అందరూ కళ్లు మూసుకున్నా అబిగయీలు మూయలేదు. ఇంక వస్తాడనుకుంది.

పొద్దున టీ అంగడి దగ్గర అతనే పిలిచి పలకరించాడు. "నిన్న ఎంత భారంతో ప్రార్థన చేసినానో చూసినావు కదక్కా! ఇంక నువ్వు దిగులుపడబాకు, అంతా ఆయనే చూసుకుంటాడు."

"ఆమెన్" అంది అబిగయీలు, అలవాటుకొద్దీ. తర్వాత చెరువులో నడుములోతు దిగి, తేలుతున్న రొయ్యల మధ్య వెదురుగడతో ఒక్కతే నీళ్లను బాదడం మొదలుపెట్టింది.