అత్త చేతుల్లో ఇరవై రెండు సెకన్లు

పోయిన నెలలో మా ఫ్యాక్టరీలో ఒక చిన్న సంగతి జరిగింది. కొత్తగా చేరిన ట్రైనీ అమ్మాయి ఫోనులో టైమరు పెట్టుకుని, అట్టకు కాగితం బిగించుకుని, మోటార్లు బిగించే ఒక నడివయసు పనివాడి పక్కన నిలబడింది. ఒక్కో మోటారుకు ఎంతసేపు పడుతోందో రాసుకోవడం ఆమె పని. ఆయన చేతులు తుడుచుకుని, ఆమెను కాకుండా వెనక నిలబడ్డ నన్ను అడిగాడు. "సార్, మెల్లగా చెయ్యమంటారా, స్పీడుగా చెయ్యమంటారా?" ఇలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడానికే నాకు జీతమిస్తున్నారు. అయినా ముందు ఆ టైమరు ఆపమని ట్రైనీ అమ్మాయికి చెప్పాను. తర్వాత "రోజూ ఎలా చేస్తావో అలాగే చెయ్యి" అన్నాను. అని ఊరుకోకుండా, ఆయన ఎక్కడ పరుగెత్తుతాడోనని గంటసేపు అక్కడే కాపలా కాశాను. తన మీద నమ్మకం లేదనుకుని ట్రైనీ అమ్మాయి చిన్నబుచ్చుకుంది. నాకు నమ్మకం లేనిది ఆమె మీద కాదని చెప్పాలనుకున్నాను గానీ, చెబితే మొత్తం చెప్పాల్సి వస్తుందని మానేశాను.

నేను చదివింది మాన్యుఫాక్చరింగ్ ఇంజనీరింగ్. ఇరవై ఏళ్ల కిందట నరసరావుపేటలో, మేమున్న సందులో, ఆ పేరుకు నోరు తిరిగినవాళ్లు తక్కువ. కంప్యూటర్ సీటు రాక అందులో పడ్డానన్న నిజం మా నాన్న కడుపులో పెట్టుకుని, అడిగినవాళ్లందరికీ "వస్తువులు తయారుచేసే చదువు" అని చెప్పేవాడు. ఆ మాట విని నవ్వింది ఎదురింటి అత్త ఒక్కతే. మాకు చుట్టరికం ఏమీ లేదు, సందులో వరసలు కలుపుకోవడమే. ఇవ్వడానికి ఆడపిల్ల లేకపోయినా నన్ను అల్లుడా అనే పిలిచేది. ఊరి బయట, చేలకు పురుగుమందు కొట్టే పంపులు తయారుచేసే రేకుల షెడ్డు ఒకటుండేది. అందులో ఆమె పనికి పోయేది. మామయ్య ఆటో తిరిగిన రోజు తిరిగేది, లేని రోజు గుమ్మం ముందు నిలబడి ఉండేది గనక ఆ ఇల్లు నడిచేది అత్త పని మీదే. "వస్తువులు తయారుజెయ్యటమా? మేం షెడ్డులో చేసేది అదేగా. దానికి నాలుగేళ్లు చదవాలంటరా అల్లుడా?" అంది. నాలుగేళ్లలో నన్ను ఎవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు. నేను మాత్రం పెద్ద చదువు చదివేవాడిలా నవ్వి ఊరుకున్నాను.

చివరి ఏడాది ప్రాజెక్టుకు ఏదో ఒక ఫ్యాక్టరీలో పని కొలిచి, అక్కడ ఉత్పత్తి ఎలా పెంచాలో రాయాలన్నారు. మా బ్యాచ్‌లో కొందరు పెద్ద కంపెనీల గేట్ల దగ్గర వాచ్‌మెన్లను బతిమాలుకుని వెనక్కి వచ్చారు. నాకా కష్టం లేదు. షెడ్డు యజమాని మా నాన్నతో చిన్నప్పుడు చదువుకున్నవాడు, నేను బాబాయి అనేవాణ్ణి. "కొలుచుకో నాయనా, దానికేం భాగ్యం" అన్నాడు. కొలవడానికి స్టాప్‌వాచ్ కావాలి. కాలేజీ లాబ్‌లో ఉన్నది బీరువాలోనే ప్రాణం విడిచింది. నా హైస్కూలు డ్రిల్లు మాస్టారి దగ్గరికి పోయి ఆయనది అడిగి తెచ్చుకున్నాను. ఆయన దాన్ని విజిల్‌తో కలిపి ఒకే తాడుకు కట్టుకున్నాడు, ముడి ఊడదు. రెండూ మెడలో వేసుకుని షెడ్డులోకి వెళితే ఆడవాళ్లందరూ పమిట కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. "ఊదితే లగెత్తాల్నా నాయనా?" అని ఒకామె అడిగింది. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను.

మందు కొట్టేటప్పుడు చేత్తో నొక్కితే నీళ్లు వదిలే పిడి ఒకటుంటుంది కదా, అత్త వాళ్లు బిగించేది దాన్ని. ఇత్తడి గొట్టంలో రబ్బరు వాషరు వేసి, దాని మీద స్ప్రింగు పెట్టి, బొటనవేలితో అదిమిపట్టి పిన్ను దూర్చి, మూత తిప్పాలి. మొదటి రెండు రోజులు వాచీ లేకుండా ఊరికే కూర్చుని చూశాను. వాళ్లు కబుర్లు చెప్పుకుంటూ, మధ్యలో మంచినీళ్లు తాగుతూ, ఒకామె కూతురి పురుడు గురించి మిగతావాళ్లంతా సలహాలిస్తూ, చేతులు మాత్రం ఆపకుండా చేసేవాళ్లు. అందరిలోకీ అత్త చెయ్యి సాఫు. మూడో రోజు ఆమె పక్కన స్టూలు వేసుకుని వాచీ తీశాను. అత్త బల్ల సర్దుకుని, నా వైపు వంగి, తక్కినవాళ్లకు వినపడకుండా అడిగింది. "నీ పరీక్షకు ఎట్టా చేస్తే మంచిది అల్లుడా? నిదానంగా చెయ్యనా, బిరబిరా చెయ్యనా?"

రోజూ చేసినట్టు చెయ్యమని చెప్పాలి. పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంటుంది ఆ మాట. నేను "నీ ఇష్టం అత్తా" అన్నాను. అంటూ నవ్వాను. నన్ను చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషికి ఆ నవ్వు చాలు. ఆ పొద్దున అత్త ఎవరితోనూ మాట్లాడలేదు, నీళ్లకు లేవలేదు, తలెత్తలేదు. గాజులు మోచేతి దాకా ఎగదోసుకుని, పెదవి పళ్ల కింద నొక్కిపెట్టి, నా మార్కుల కోసం పరుగెత్తింది. ఒక్కో పిడికీ ఇరవై రెండు సెకన్లు పట్టింది. ముందు రెండు రోజులు నేను చూసింది ముప్పై దాటే పని. మధ్యాహ్నానికి ఆమె జాకెట్టు వెనక చెమటకు తడిసిపోయింది. "బాగా వచ్చిందా?" అని అడిగింది. చానా బాగా వచ్చిందత్తా అన్నాను.

దీనికి మా చదువులో విరుగుడు లేకపోలేదు. రేటింగ్ అని ఒకటుంటుంది. మనిషి మామూలుగా చేస్తే నూరు వెయ్యాలి, మనం చూస్తున్నామని పరుగెత్తితే నూట ముప్పయ్యో నూట నలభయ్యో వేసి ఆ ప్రకారం టైము పెంచాలి. నూట నలభై వేసి ఉంటే ఆ ఇరవై రెండు మళ్లీ ముప్పై దాటేది, అంటే వాళ్లు రోజూ చేస్తున్నదే సరైన లెక్క అని తేలేది. అప్పుడు నేను పెంచిన ఉత్పత్తి ఏదీ ఉండదు, ప్రాజెక్టులో రాయడానికి కవరు పేజీ తప్ప ఏమీ మిగలదు. నేను నూరు వేశాను. తెలియక వేశానని చెప్పుకునే వీలు కూడా లేదు, అదే ప్రశ్నకు సెమిస్టర్ పరీక్షలో పూర్తి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. మా గైడు సారు కళ్లద్దాల పైనుంచి చూసి "రేటింగ్ నూరేనా?" అన్నారు. "నూరే సార్" అన్నాను. ఆయన సంతకం పెట్టారు. తిలా పాపం తలా పిడికెడు అని ఆయనకో పిడికెడు, బాబాయికో పిడికెడు చాలా ఏళ్లు పంచిపెట్టి చూశాను గానీ, ఎన్నిసార్లు పంచినా దోసెడు నా దగ్గరే మిగిలింది.

ఎనభై తొమ్మిది మార్కులు వచ్చాయి. మిఠాయి పెట్టె, బంగారు అక్షరాలతో బైండు చేయించిన రిపోర్టు పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. నేను గీసి బాబాయికి ఇచ్చిన చార్టు గోడకు అంటించి ఉంది. దాని మీద ఇరవై రెండు అంకె, పక్కన పని చేసిన మనిషి అని అత్త పేరు, కింద నా పేరు. ఆ అంకె ప్రకారం రోజుకు ఎన్ని పిడులు బిగించాలో బాబాయి ఎర్ర స్కెచ్చు పెన్నుతో రాశాడు. దాన్ని అక్కడ ఇంజనీరు లెక్క అంటున్నారట. అన్నాల వేళయినా కబుర్లు లేవు. గుండ్రంగా కూర్చుని పచ్చళ్లు పంచుకునే ఆడవాళ్లు గబగబా తిని లేస్తున్నారు. అత్త వాళ్లతో లేదు. నీళ్ల డ్రమ్ము పక్కన ఒక్కతే కూర్చుంది, బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. నేను పెట్టె తెరిచి మొదట చాచింది పురుడు కబుర్లు చెప్పిన ఆమె ముందు. "మాకెందుకు నాయనా తీపి? మీ అత్తకు పెట్టు. లగెత్తింది ఆమేగా" అని మొహం తిప్పుకుంది.

అప్పుడైనా దిద్దుకోవచ్చు. ఆ ఉద్దేశంతోనే బాబాయి గదిలోకి వెళ్లాను. ఆయన ఎదురుగా మాచర్ల నుంచి వచ్చిన వ్యాపారులు ఇద్దరున్నారు. "ఇడుగో, నేను చెప్పిన ఇంజనీరు. మా షెడ్డుకు చదువు నేర్పినోడు" అని నన్ను వాళ్లకు చూపించి, కాఫీ తెప్పించి, కుర్చీ తనే జరిపాడు. కంప్యూటర్ సీటు రాని నన్ను అంతకుముందు అలా కూర్చోబెట్టినవాళ్లు లేరు. ఆ అంకె తప్పు బాబాయీ అనడానికి నోరు తెరిచి, కాఫీ తాగి వచ్చేశాను. బయట అత్త అడిగింది. "మార్కులు వచ్చినయ్యా అల్లుడా?" చెప్పాను. "అది చాలు" అంది. వేలికేమైందంటే "స్ప్రింగు నొక్కీ నొక్కీ వాసింది, తగ్గిపోద్దిలే" అంది.

తగ్గలేదు. వానలు పడేలోపల ఆమె ఆ లెక్క అందుకోలేక పని మానేసింది. చెయ్యలేనని చెప్పబోతే "ఇది నీ చేత్తో వచ్చిన లెక్కేగా" అన్నాడట బాబాయి. ఆ మాటకు జవాబు నా దగ్గరుంది గానీ, అప్పటికి నేను ఉద్యోగంలో చేరి ఊరు దాటాను. తర్వాత అత్త మిరపకాయల గోడౌనులో తొడిమలు తుంచే పనికి పోయింది. బొటనవేలు వంగదు గనక చూపుడువేలు, నడిమివేలు కలిపి తుంచేది. ఇంత జరిగినా నన్ను ఒక్క మాట అనలేదు సరిగదా, "ఈడి ఇంజనీరింగు నా చేతుల మీద పాసయ్యింది" అని కనపడ్డవాళ్లందరికీ చెప్పేది. కోటప్పకొండ తిరునాళ్లలో జనం మధ్య నిలబెట్టి చెప్పింది. నా పెళ్లిలో ఆడపెళ్లివారి పంక్తి ముందు చెప్పింది. అందరూ నవ్వేవాళ్లు, నేనూ నవ్వేవాణ్ణి. ఇంటికి పోయాక సిగ్గుతో అన్నం సయించేది కాదు.

మోటార్ల పనివాడు ఆ ప్రశ్న అడిగిన వారానికి, ఆదివారం పూట, బస్సెక్కి నరసరావుపేట వెళ్లాను. అత్త వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని, నూరు సంగతీ నూట నలభై సంగతీ ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"అట్టా పెంచి రాయమని మీ పుస్తకంలో ఉందా?"

"ఉందత్తా."

"నీకు అప్పుడే తెలుసా?"

"తెలుసు."

చేతిలో ఉన్న గింజ పక్కన పడేసింది. "నేను అడిగాగా ముందే. నిదానంగా చెయ్యమని ఒక్క మాటంటే నిదానంగానే చేసేదాన్ని గదరా" అంది. కోపంగా అనలేదు. లేచి లోపలికి వెళ్లి కాఫీ తెచ్చింది. గ్లాసును ఆ రెండు వేళ్ల మధ్యే పట్టుకుంది. నేను తాగుతుండగా పక్క వాటాలోకి కొత్తగా వచ్చిన ఆవిడ గోడ మీదుగా తొంగిచూసి "ఎవరు పిన్నీ?" అని అడిగింది. నేను తల వంచుకుని ఆ పాత మాట కోసం ఎదురుచూశాను. అత్త చింతపండు ముందుకు లాక్కుంటూ, "ఎవరూ కాదమ్మా, ఎదురింటోళ్ల అబ్బాయి" అంది.

తిరుగు బస్సులో ఫోను తీసి, పెదవులు కదిలీ కదలకుండా అనుకుంటూ కొలిచి చూశాను. 'నిదానంగా చెయ్యత్తా' అనడానికి రెండు సెకన్లు పట్టదు. నేను ఇరవై ఏళ్లు తీసుకున్నాను, అప్పటికీ ఆ మాట చెప్పింది లేదు, చెప్పలేదన్న సంగతి ఒక్కటే చెప్పి వచ్చాను.