దగ్గు గుర్రం, తడిసిన గడ్డి

మా చిన్నప్పుడు... కలకత్తా మెటియాబ్రుజ్‌లో మా గదిని ఆనుకునే రేకుల పాక. అందులో ఒక పక్క నాన్న గుర్రబ్బండి, ఇంకో పక్క గుర్రం. మాకూ దానికీ మధ్య ఒకటే గోడ. అది కాలు మార్చి నిలబడితే ఇవతల అన్నం తింటున్న మాకు తెలిసేది.

ఇన్నాళ్ళూ ఇవేవీ రాయలేదు. మొన్న న్యూ టౌన్ నుంచి మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. "అత్తా, ఒక గుర్రం నచ్చింది. కానీ దానికి ఊపిరి జబ్బు ఉందంట. కొనొచ్చంటావా?" అని. ఫోన్లో చెప్పేంత చిన్న జవాబు కాదు... అందుకే మన తెలుగువాళ్ళ వాట్సాప్ గుంపులో రాస్తున్నాను. తనకి తెలుగు చదవడం సరిగా రాదు. వాళ్ళ నాన్న చదివి వినిపిస్తాడు.

నాకప్పుడు పదేళ్ళు. మా ముసలి గుర్రం పోయి నెల దాటింది. నాన్న మైదానం దగ్గర సవారీలు తోలేవాడు. ఇంకో గుర్రం దొరక్కపోతే బండి అమ్మేసి, రేవులో మూటలు మొయ్యడానికి పోవాలి. ఆయన నడుం అప్పటికే బాగాలేదు... ఆ మాట ఇంట్లో ఎవరం పైకి అనేవాళ్ళం కాదు.

అప్పుడొచ్చింది, బెల్లం రంగు ఆడగుర్రం.

బండివాళ్ళలో ఒక పద్ధతి ఉండేది. కొనేవాడు గుర్రాన్ని మూడు రోజులు తన పాకలో కట్టుకుని చూసుకోవచ్చు. నాలుగో రోజు పొద్దున్న ఉంచుకుంటాడో, తిప్పి పంపుతాడో చెప్పెయ్యాలి. అప్పటిదాకా దానికి పేరు పెట్టకూడదు. పేరు పెడితే ఇక వదల్లేరని.

మొదటి రోజే గడ్డి మేస్తూ దగ్గడం మొదలుపెట్టింది. మెడ చాచి, డొక్కలు ఎగరేస్తూ... పక్క పాక రహీం చాచా వచ్చి దాని పొట్ట మీద చెయ్యి వేసి చూశాడు. "కాళ్ళు బాగున్నాయి భాయ్, కొనుక్కో. ఊపిరి మాత్రం ఇంకో బజార్లో వెతుక్కో" అన్నాడు హిందీలో.

రెండో రోజు నాన్న బండి కట్టి తోలాడు. మంచి నడక. ట్రాములకి బెదరలేదు. ఇంటికొచ్చి గడ్డి వేస్తే మళ్ళీ అదే దగ్గు.

"ఎల్లుండి తోలుకెళ్ళి ఇచ్చేస్తానే" అన్నాడు అమ్మతో. "దగ్గు గుర్రం ఎనకాల కూకుని ఎన్నాళ్ళు బతుకుతాం?"

గుర్రానికి తడిగడ్డి పెట్టకూడదని మా ఇంట్లో గట్టి నియమం. బూజు పట్టి కడుపునొప్పి వస్తుందని. వాన పట్టేలా ఉంటే గడ్డిమోపు లోపలికి లాగడం నా పని. మూడో రోజు తొక్కుడుబిళ్ళ ఆటలో పడి మర్చిపోయాను. వాన దంచేసింది... మోపంతా ముద్ద. ఇంట్లో ఎవరూ లేరు. భయపడి, నీళ్ళు విదిలించి, ఆ గడ్డే దాని ముందు వేశాను.

తింది. ఒక్క దగ్గు లేదు. మొత్తం తినేసి, ఇంకా పెట్టమని నా లంగా అంచు లాగింది.

చెబితే తిట్లు. చెప్పకపోతే గుర్రం వెళ్ళిపోతుంది... సాయంత్రం అమ్మ సింహాద్రి అప్పన్న పటం ముందు దీపం పెట్టి, దండం పెట్టుకోమంది. చేతులు జోడించాను గానీ స్వామి మొహం చూడలేకపోయాను. అక్కడే చెప్పేశాను.

"ఏటీ? తడిగడ్డి ఎట్టినావా?" నాన్న లేచి నిలబడ్డాడు. "దాని కడుపుబ్బిపోతే ఏటి సెయ్యాల?"

"గుంటని తర్వాత తిడుదువు గానీ, ముందు అది దగ్గిందో నేదో అడుగయ్యా" అంది అమ్మ.

"దగ్గనేదు" అన్నాను.

నాన్న వెళ్ళి రహీం చాచా పాకలోంచి పొడిగడ్డి తెచ్చాడు. గుప్పెడు పెట్టాడు. దగ్గింది. మిగతాది నీళ్ళగాబులో ముంచి పెట్టాడు. దగ్గలేదు.

అమ్మ నేలమీద మిగిలిన పొడిగడ్డి తీసి లాంతరు దగ్గర దులిపింది. బుగ్గి లేచింది. "దీనికి బుగ్గి పడదు, అంతే. మీ అమ్మకి సాంబ్రాణి పొగ పడదు. అలాగని ఆవిణ్ణి తిప్పి పంపేసినామా?"

నెల రోజుల తర్వాత నాన్న నవ్వడం అదే మొదటిసారి.

మర్నాడు పశువుల డాక్టరు కూడా అదే చెప్పాడు. జబ్బు పూర్తిగా పోదు, దుమ్ము తగలకుండా చూసుకోండి, పరిగెత్తించొద్దు అని. "నడిస్తే సాలు బాబూ" అన్నాడు నాన్న. ఇంటికి రాగానే అమ్మ దానికి పేరు పెట్టింది... బెల్లం.

తొమ్మిదేళ్ళు మమ్మల్ని పోషించింది. పూట పూటకీ, తినేంత గడ్డే తడిపేవాళ్ళం. మిగిలింది పారేసేవాళ్ళం. చలికాలంలో దగ్గు ఎక్కువైన రోజున బండి కట్టేవాళ్ళం కాదు.

అమ్మడూ, ముందు మంచి డాక్టరుకి చూపించు. తర్వాత, పూట పూటకీ గడ్డి తడిపే చెయ్యి ఎవరిదో తేల్చుకో. నీదే అయితే కొనెయ్యి. భయపడకు.

ఇప్పుడు ఆ పాక లేదు... అక్కడ కుట్టు మిషన్లు తిరుగుతున్నాయి. మీ ఇళ్ళల్లోనూ ఇలా వద్దనుకుని ఉంచుకున్న జీవాలుంటే చెప్పండి, వింటాను.

ఇది మాత్రం మీ దగ్గరే దాచుకోండి, బయట ఎవరికీ చూపించకండి. నాన్న చివరిదాకా తోటి బండివాళ్ళతో "సూడగానే పోల్చీసినాను, అది బుగ్గి దగ్గని" అనేవాడు. నేను పక్కనే కూర్చుని తలూపేదాన్ని. వాళ్ళ పిల్లలు ఇంకా ఇక్కడే ఉన్నారు... ఆ మాట అలాగే ఉండనివ్వండి.