శాంపిల్ బ్యానర్‌లో మావయ్య

పోయిన నెల మా మావయ్య పోయారు. మావయ్య అంటే మా ఆయనకి నాన్నగారు, గాజువాకలో మా బోర్డుల, బ్యానర్ల షాపు పెట్టిన మనిషి. తెల్లారేసరికి ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాం. మా ఆయన వెళ్లి షాపు షట్టర్ మీద శ్రద్ధాంజలి బ్యానర్ కట్టి వచ్చారు. మావయ్యని ఎరిగినవాళ్లు ఆ రోడ్డు మీద ఎంతమంది తిరుగుతారో చెప్పలేను. అందరూ బ్యానర్ చూశారు. ఎవరూ ఆగలేదు. శ్మశానానికి వెళ్లింది ఇంటివాళ్లూ, మా వీధివాళ్లూ అంతే. జీవితమంతా ఊరికి బోర్డులు రాసిన మనిషి అలా దిక్కులేనట్టు వెళ్లిపోయారు. రానివాళ్లని నేనేమీ అనను. తప్పు నాది. ఎలా నాదో చెబుతాను.

మావయ్యది చేపలవేట చేసుకునే కుటుంబం. అన్నదమ్ములు సముద్రం మీదికి వెళితే ఈయన ఫిషింగ్ హార్బర్‌లో కూర్చుని బోట్లకి పేర్లూ నంబర్లూ రాసేవారట. తొంభైల్లో స్టీల్‌ప్లాంట్ పుణ్యమా అని గాజువాక పెరుగుతుంటే ఇక్కడికొచ్చి షాపు పెట్టారు. లారీల వెనకా, హోటళ్ల మీదా, తర్వాత్తర్వాత పరవాడ వైపు లేచిన కంపెనీల గేట్ల మీదా ఆయన అక్షరాలే. నేను ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగాను. మా నాన్న కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చినవాడు. డీటీపీ నేర్చిన కోడలు వస్తోందని మావయ్య తెగ సంబరపడి, నేను కాపురానికి రాగానే షాపులో కంప్యూటర్ పెట్టించారు. కొన్నాళ్లకి ఫ్లెక్సు మిషనూ వచ్చింది. చేత్తో రాయించుకునేవాళ్లు తగ్గిపోయారు. దానికి ఆయన బాధపడినట్టు నాకు కనపడలేదు. నేను సరిగ్గా చూశానా అంటే, చూడలేదు.

మిషను నా చేతిలో ఉన్నా షాపు నడిచింది ఆయన తెలివితోనే. పెద్ద బ్యానర్ ఏది కట్టినా మధ్యలో అక్కడక్కడా అర్ధచంద్రంలా కోతలు పెట్టించేవారు. శుభ్రంగా అచ్చువేసిన దాన్ని కత్తితో కోస్తుంటే నాకు ప్రాణం పోయేది.

"గాలికి దారియ్యాల తల్లీ. దారియ్యకపోతే తెరసాపైనా సిరిగిపోద్ది, ఇదెంత?" అనేవారు.

పెళ్లి కార్డు ఏదైనా సరే, అచ్చుకి వెళ్లే ముందు వచ్చినాయన చేత పైకి చదివించేవారు. మనసులో చదివితే కళ్లు తప్పుని దాటేస్తాయట, నోరు దాటదట. శ్రద్ధాంజలి పని మీద వచ్చినవాళ్లని మాత్రం చదవమనేవారు కాదు. ముందు కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చేవారు. నేను అలవాటుకొద్దీ "సైజెంత?" అని అడిగితే కళ్లతోనే నన్ను ఆపి, "పోయినాయన పేరేటి బాబూ?" అని తను మొదలుపెట్టేవారు. పేరు చెబుతూ చెబుతూ వాళ్లు కాస్త ఏడ్చేవారు. ఆ తర్వాతే సైజు.

శాంపిల్ గొడవ మొదలైంది అలాంటివాళ్లతోనే. ఎలా ఉంటుందో ఒకటి చూపించమంటారు కదా. పాత పనులు నా కంప్యూటర్‌లో బోలెడున్నాయి. ఒకరోజు అందులోంచి ఒకటి తీసి చూపించబోతే మావయ్య తెర మీద చెయ్యి అడ్డం పెట్టేశారు.

"ఇంకోలింటి ఏడుపు తెచ్చి ఈలకి సూపిస్తావేటి? తప్పు."

"మరి ఏం చూపించను మావయ్యా? నెట్‌లోంచి ఎవడో తెల్లాయన బొమ్మ పెడితే జనం బిత్తరపోతున్నారు."

"నా పొటో ఎట్టీ. నాకేటి, అడ్డా?"

నేను నవ్వాను. నవ్వి, పెట్టేశాను కూడా. అప్పటికప్పుడు కౌంటర్ దగ్గర ఫొటో తీశాను. చెవి మీద పెన్సిలూ, కాలర్ మీద ఎర్ర రంగు మరకా, అంతా అలాగే ఉంది. పక్కన దీపం, చుట్టూ చేమంతి దండ, కింద ఉత్తుత్తి తేదీలు వేసి, గోడ మీద అందరికీ కనపడేలా తగిలించాను. బ్యానర్ నిజంగా బాగా కుదిరింది. చూసినవాళ్లంతా "అదిగో, అలాంటిదే కావాలి" అనేవారు. ఆ బ్యానర్ కిందే ఆయన నిలబడి టేపుతో కొలతలు వేసేవారు. ఒకసారి ఆనందపురం నుంచి వచ్చిన పాత ఖాతాదారు గోడ చూసి, "అయ్యో, పెద్దాయన పోయారా!" అని నా ముందు చేతులు జోడించేశాడు. వెనక నుంచి మావయ్య, "ఇంకా లేదు బాబూ. నీ పనేటో సెప్పు" అన్నారు. ఆ కథ గాజువాకంతా పాకింది. ఆయనే అందరికీ చెప్పుకుని నవ్వేవారు.

నవ్వనిది మా అత్తయ్య ఒక్కరే. అన్నం క్యారేజీ తెచ్చినప్పుడల్లా తల వంచుకుని వచ్చి, తల వంచుకునే వెళ్లేవారు. మొదట్లో ఒకసారి నాతో, "తీసీవే అమ్మా దాన్ని. నాను సూడలేకపోతన్నాను" అన్నారు. తీస్తానన్నాను. పనుల్లో పడి తీయలేదంటే అది అబద్ధం. దాని వల్ల పని సులువవుతోందని తీయలేదు. ఆవిడ మళ్లీ అడగలేదు.

ఇంకో సంగతిలోనూ నేనిలాగే చేశాను. కాస్త ఖాళీ దొరికితే చాలు, మావయ్య ఒక రేకు ముక్కా, బ్రష్షూ నా ముందు పెట్టేవారు. "ముందు మధ్య అక్షరం రాయాల. ఆ తరవాత అటూ ఇటూ ఎల్లాల. ఎడం పక్కనుంచి మొదలెడితే సివర్న సోటు సాలదు. బ్రష్షుని డబ్బా అంచుకి రెండేపులా తుడువు, నేకపోతే రంగు కారిపోద్ది." నేను ఒకటి రెండు గీతలు గీసి, మిషనుండగా ఇదంతా ఎందుకు మావయ్యా అనేదాన్ని.

"మిషను ఎవులు నొక్కినా ఒకేలాగ రాత్తాది. సెయ్యైతే ఎవులిదో తెలిసిపోద్దమ్మా" అనేవారు.

రేపు నేర్చుకుంటాను అనేదాన్ని. ఎన్నిసార్లన్నానో ఆ రేపు. ఆయన రేకు తీసుకెళ్లి మూల పెట్టేసేవారు, కోప్పడేవారు కాదు. కోప్పడి ఉంటే ఈ రోజు నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

నిరుడు వానల తర్వాత ఆయనకి ఊపిరి అందకపోవడం మొదలైంది. జీవితమంతా టర్పెంటైన్ పీల్చిన ఊపిరితిత్తులు కదా అన్నారు డాక్టరు. అప్పుడు మాత్రం గోడ మీది ఆ బ్యానర్ వైపు నేనూ చూడలేకపోయాను. తీసేద్దామని స్టూలు వేసుకుని ఎక్కాను కూడా. ఇన్నేళ్లు ఉంచి సరిగ్గా ఇప్పుడు తీస్తే, ఆయన ఏమనుకుంటారు? నిజంగా పోతున్నానని కోడలికి తెలిసిపోయిందనుకోరా? మెల్లగా దిగిపోయాను. ఆయన కుర్చీలోంచి అంతా చూస్తూనే ఉన్నారు. "బాగానే ఉన్నాను కదేటి అందులో. ఉండనీ" అన్నారు. అది నన్ను ఓదార్చడానికన్న మాటని తెలిసి ఇంకా కుంచించుకుపోయాను.

ఆయన పోయిన పొద్దున్న మంచి ఫొటో కోసం ఇల్లంతా వెతికాం. ఊళ్లో అందరికీ బ్యానర్లు వేసిన ఇల్లు, మా ఇంట్లో ఆయనది వేరే ఫొటో ఒక్కటీ లేదు. ఎప్పుడూ ఫొటో తీసే వైపు ఉన్నవాళ్లమే మేం. చివరికి ఆ ఫైలే తెరిచాను. తేదీలు మాత్రం నిజమైనవి వేశాను. అదే పెన్సిల్, అదే దీపం, అదే దండ. మా ఆయన దాన్నే తీసుకెళ్లి షట్టర్ మీద కట్టారు. గోడ మీద ఏళ్ల తరబడి చూసినదాన్నే బయట చూస్తే జనం ఏమనుకుంటారు? శాంపిల్ బయటికి మార్చారనుకున్నారు. ఆ పూటే ఒకాయన నాకు ఫోన్ చేసి, "బోర్డు పనుంది, పెద్దాయన్ని ఒకసారి పంపమ్మా" అన్నాడు.

చిన్నకర్మ ముందురోజు, పెద్దకర్మ కార్డులు అచ్చువేయాలని నేను షాపు తీశాను. కాసేపటికి హార్బర్ నుంచి ఒక బోటు యజమాని వచ్చాడు. మావయ్య ఈడువాడు, చిన్నప్పటి నుంచీ స్నేహితుడు. ఎన్ని మిషన్లు వచ్చినా తన బోటుకి పేరు మాత్రం మావయ్య చేతే రాయించుకునేవాడు.

"ఏటమ్మా, మా వోడు ఏడీ? బోటు పైకి లాగినాం, పేరు రాయాల."

"పోయారండీ."

గడ్డంతో గోడ మీది బ్యానర్ వైపు చూపించి నవ్వాడు. "ఇదా? ఎప్పుడూ ఉండీదే కదేటి. ఆడికిదో సరదా. వొత్తాడులే, కూకుంటాను." అని మావయ్య స్టూలు మీదే కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు.

నోటితో చెబితే నమ్మడని తేలిపోయింది. ఏం అచ్చువేసి చూపిస్తే నమ్ముతాడు? నా మిషన్లోంచి ఏది వచ్చినా శాంపిల్‌లాగే ఉంటుంది. మూలనున్న రేకు తీశాను. అది నా కోసం ఆయన ఉంచిన రేకే. నల్లరంగు డబ్బా మూత విప్పి, బ్రష్షు ముంచి, నేల మీద కూర్చుని రాశాను, "మావయ్య పోయారు" అని. మధ్య నుంచి మొదలుపెట్టాలన్న సంగతి సగం రాశాక గుర్తొచ్చింది. చివర చోటు చాలక అక్షరాలు ఒకదాన్నొకటి తోసుకుని కిందికి జారాయి. దాన్ని అలాగే తీసుకెళ్లి షట్టర్ పక్క మేకుకి తగిలించాను.

బోటు యజమాని లేచొచ్చి చూశాడు. అందులో ఏముందో చదివినట్టు లేదు, అక్షరాలనే చూస్తున్నాడు.

"ఇదెవులు రాసినారు?"

"నేనే."

"మీ మావ సూడనేదా?"

నేను తల అడ్డంగా ఊపాను. ఆయన బీడీ కింద పడేశాడు.

"ఆడే ఉంటే..." అన్నాడు. "ఆడే ఉంటే ఇలాటిది గుమ్మానికి కట్టనిత్తాడేటి?"

తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహానికి అడ్డం పెట్టుకుని, రోడ్డు మీద మనుషులు తిరుగుతున్నా పట్టించుకోకుండా పెద్దగా ఏడ్చాడు. అది విని టీకొట్టు అతను వచ్చాడు. రేకు చూసి అతనూ నిలబడిపోయాడు. సాయంత్రానికి షాపు ముందు మనుషులు నిండిపోయారు. చిన్నకర్మకి హార్బర్ సగం కదిలొచ్చింది. అందరినీ చూస్తుంటే సంతోషం రాలేదు నాకు. వీళ్లంతా మొన్న రావలసినవాళ్లు.

పెద్దకర్మ అయ్యాక ఆ రేకు తీసేద్దామని వెళ్లాను. వెంట అత్తయ్య కూడా వచ్చారు. షాపు ముందు ఆవిడ తలెత్తి చూడడం ఇన్నేళ్లలో అదే మొదలు. నా వంకర అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమారు. బ్రష్షు తుడవడం మరిచిపోయాను కదా, చివరి అక్షరం కింద రంగు కారి, రేకు అంచు దాకా వచ్చి ఎండిపోయి ఉంది. వేలు అక్కడ ఆగింది. నేను మేకు మీదికి చెయ్యి చాపితే ఆవిడ నా చెయ్యి పట్టుకుని కిందికి దించేశారు.