గళ్ల కాగితం మీద నా చుక్క

1949లో సూర్యాపేటలోని ఒక చిన్న దవాఖానలో గుమాస్తాను. మెట్రిక్ పాసయ్యానన్న పొగరు నెత్తికెక్కిన వయసు. ఏ ఊళ్లో ఎన్ని కొయినా గోలీలు, అంటే మలేరియాకిచ్చే క్వినైన్ బిళ్లలు పంచారో, ఎందరికి చలిజ్వరం వచ్చిందో రాయడం నా పని. ఒకరోజు సరదాకి గళ్ల కాగితం మీద ఊరికో చుక్క పెట్టాను. అడ్డంగా గోలీలు, నిలువుగా జ్వరాలు. చిలుకూరు, కోదాడ, మిర్యాలగూడ చుక్కలన్నీ మెట్లెక్కినట్టు పైకి పోయాయి!

"డాక్టర్ సాబ్, ఈ గోలీలే జ్వరం తెస్తున్నయ్!" అని రోగులందరి ముందూ అరిచాను.

ఆయన నవ్వాడు. "జ్వరాలు ఎక్కువున్న కాడికే గోలీలు ఎక్కువ పంపుతున్నం గదయ్యా!"

నా బుర్రకెక్కలేదు. జ్వరం రాకుండా దవాఖాన సిబ్బందికిచ్చే గోలీల్లో నా వంతువి కిటికీలోంచి పారేయడం మొదలుపెట్టాను.

పదిహేను రోజులకు అదే దవాఖానలో మూడు గొంగళ్ల కింద, మంచం కదిలేలా వణుకుతున్నాను. చచ్చిపోతాననే అనుకున్నాను. డాక్టర్ సాబ్ నా కాగితం పట్టుకొచ్చాడు.

"ఇగో, ఇంకో చుక్క పెట్టు. గోలీలు సున్న, జ్వరం ఒకటి."

పెట్టాను. తర్వాత గోలీ తీసి నోరు తెరవమన్నాడు. ఆ నెలలో నేను నోరు తెరిచి చేసిన మంచి పని అదొక్కటే.