చేతివైపు చూడని టీచరుగారు

పెద్దవాళ్ళ రాత్రిబడిలో మాకు అక్షరాలు నేర్పిన టీచరుగారు, మేం రాస్తున్నంతసేపూ మొహం కిటికీవైపు తిప్పుకునేవారు. "చూస్తుంటే చెయ్యి వణుకుతుందమ్మా" అనేవారు. కలం కింద పెట్టాకే "అయిందా?" అంటూ ఇటు తిరిగేవారు. యాభై ఎనిమిదో ఏట నా పేరు నేను రాసుకున్నది అలాగే.

రిటైరయ్యాక ఆవిడ మైలవరం దగ్గర మా ఊళ్ళో సర్పంచ్‌గా నిలబడ్డారు. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు గానీ, రెండు పెద్ద పార్టీల మనుషులూ దిగారు. ఆవిడది జెండా కట్టే దిక్కు కూడా లేని మూడో పార్టీ. ఆవిడను ప్రతిపాదిస్తూ సంతకం పెట్టడానికి అందరూ జంకితే నేను పెట్టాను.

నామినేషన్ల పరిశీలన రోజున అవతలి పక్షం మనిషి లేచాడు.

"ఈ మామ్మ వేలిముద్ర మనిషండీ. ఇది దొంగ సంతకం. రేషన్ దగ్గర ఎప్పుడూ వేలే పెడుతుంది."

"అక్కడ నువ్వూ వేలే పెడతావు కదరా అబ్బాయ్!" అన్నాను.

అధికారి నవ్వలేదు. "ఇక్కడ మళ్ళీ పెట్టండమ్మా. కలవకపోతే నామినేషన్ కొట్టేస్తాను" అంటూ తెల్లకాగితం ముందుకు జరిపారు.

అందరూ నా చేతిమీదికి వంగారు. మొదటి అక్షరమే వంకర పోయింది. భయపడి తలెత్తాను. పోయేది తన నామినేషనే అయినా, టీచరుగారు ఒక్కరే కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. మిగతా అక్షరాలు నిదానంగా రాసి కలం పెట్టేశాను.

"అయిందా?" అన్నారావిడ.

అధికారి రెండు సంతకాలూ పోల్చారు. మొదటి అక్షరం రెండింట్లోనూ ఒకేలా వంకరగా ఉంది. "చెల్లుతుంది" అన్నారు.

ఓట్లలో ఆవిడ మూడో స్థానంలోనే మిగిలారు. ఎవరికి వేశావని మాలో ఒక్కరినీ అడగలేదు.